తాగుడు విడిచే దారిలో తోడు

(పాన్‌గల్‌లో జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 

హక్కుల గురించి మాట్లాడుకునే వేదికల మీద మనం సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ భూముల గురించి, ఉర్దూ పాఠశాలల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ్టి విషయం అటువంటిది కాదని కొందరికి అనిపించవచ్చు. కానీ మన ఇళ్ళలో నెలసరి ఆదాయాన్ని మింగేస్తున్నదీ, చదువుకోవలసిన పిల్లవాణ్ణి మెకానిక్ షెడ్డుకు పంపుతున్నదీ, ఆడబిడ్డ మెడలోని పుస్తెను తాకట్టు కొట్టుకు చేరుస్తున్నదీ చాలాసార్లు మత్తే. రిజర్వేషన్ వల్ల ఒక ఇంటికి వచ్చిన మేలును తండ్రి తాగుడు అయిదేళ్ళలో తుడిచిపెట్టగలదు. కాబట్టి ఇది హక్కుల ప్రశ్నే. వైద్యం పొందే హక్కు, అవమానం లేకుండా బతికే హక్కు, దెబ్బలు తినకుండా బతికే స్త్రీ హక్కు ఇందులో ఉన్నాయి.

రెండు కప్పుల మౌనం

తాగుడు అన్ని సమాజాల్లోనూ ఉంది. కానీ ముస్లిం ఇంటిలో దానిమీద కప్పు రెండు పొరలుగా ఉంటుంది. మొదటిది అందరి ఇళ్ళలో ఉండే పరువు. రెండవది ధర్మం. మన దగ్గర మత్తు హరామ్. అందువల్ల మన ఇంట్లో తాగేవాడు ఉన్నాడన్న మాట నోటి నుంచి బయటకు రాదు. మనిషి పడిపోయి ఉంటే భార్య ‘జ్వరం’ అంటుంది. మూడు రోజులు కనిపించకపోతే తల్లి ‘లోడు మీద పోయిండు’ అంటుంది. కూతురికి రిష్తా రాదన్న భయంతో తండ్రి జబ్బును దాస్తారు. మస్జిద్ కమిటీకి తెలిస్తే ఏమంటారోనని అన్న తమ్ముణ్ణి దాస్తాడు.

దాచిన కొద్దీ జబ్బు ముదురుతుంది. కాలేయం పాడై కళ్ళు పచ్చబడ్డాకనో, ఫిట్స్ వచ్చి నాలుక కరచుకున్నాకనో మనిషిని ఆసుపత్రికి మోసుకుపోతారు. అప్పటికి వైద్యుడు చేయగలిగింది తక్కువ. 2019లో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ ఎయిమ్స్ ద్వారా జరిపించిన జాతీయ సర్వే ఫలితాలు వెలువడ్డాయి. దేశంలో 10 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసు వారిలో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది, మద్యం తాగుతున్నారు. తాగుడు వల్ల సహాయం అవసరమైన స్థితికి చేరినవారు 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స అందుతున్నది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందుతున్నది 180 మందిలో ఒక్కరు. మిగిలినవారంతా ఎక్కడున్నారు? ఇళ్ళలో ఉన్నారు. మన మౌనం వెనక ఉన్నారు.

సీసాలో ఉన్నది కల్లు మాత్రమే కాదు

పాలమూరు ప్రాంతంలో ఈ మాట చెప్పేటప్పుడు ఇక్కడి మత్తు తీరును ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇక్కడ చెట్టు నుంచి దించిన కల్లు కన్నా దుకాణంలో తయారైన కల్లు ఎక్కువ. ఉన్న చెట్ల నుంచి వచ్చే కల్లు తాగేవారందరికీ చాలదు. ఆ లోటును నీళ్ళతో, తీపి కోసం శాకరిన్‌తో, మత్తు కోసం రసాయనాలతో పూడ్చారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలం అన్నవి ఆ రసాయనాల పేర్లు. ఇవి వైద్యుడు చీటీ రాసి, లెక్క చూసి, కొద్ది రోజులు మాత్రమే ఇవ్వవలసిన మందులు. వాటిని లెక్కాపత్రం లేకుండా కల్లులో కలిపితే తాగేవాడు కల్లుకు కాదు, మందుకు బానిస అవుతాడు. వాడికి ఆ సంగతి తెలియదు. ‘నేను కల్లు తప్ప మరొకటి ముట్టను’ అని నిజాయితీగానే చెబుతాడు.

ఇందులో గౌడ సోదరులను మొత్తంగా దోషులుగా నిలబెట్టే మాటను నేను ఒప్పుకోను. ప్రాణాలు పణంగా పెట్టి తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు వేరు, రసాయనాల మూటలు తెప్పించే వ్యాపారి వేరు. కొందరు చేసిన దానికి ఒక కులాన్ని మొత్తం నిందించడం ఎంత అన్యాయమో మనకన్నా బాగా తెలిసినవారు ఎవరు?

2015లో కల్తీ కల్లు మీద రాష్ట్ర ప్రభుత్వం దాడులు ముమ్మరం చేసింది. దుకాణాల్లో మందు మోతాదు హఠాత్తుగా తగ్గింది. నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వందలాది మంది చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, లేని మనుషులతో మాట్లాడుతూ ఆసుపత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. వారిది వింత ప్రవర్తన అని పత్రికలు రాశాయి. కానీ అందులో వింత లేదు. ఏళ్ళ తరబడి మందుకు అలవాటుపడిన మెదడు ఆ మందు ఒక్కసారిగా ఆగిపోతే చేసే గోల అది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్ళీ అటువంటి రోగులే బారులు తీరారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. దుకాణం తెరిచి ఉన్నా ప్రమాదమే, హఠాత్తుగా మూసినా ప్రమాదమే అన్న స్థితికి మనుషులు చేరుకున్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయాలి. తల్లులు దీనిని ప్రత్యేకంగా వినాలి. మన ఇళ్ళలో చాలామంది రంజాన్ నెలవంక కనబడగానే తాగుడు మానాలని నిర్ణయించుకుంటారు. ఆ నియ్యత్ గొప్పది. దానిని ఎవరూ చిన్నచూపు చూడవద్దు. కానీ ఏళ్ళుగా రోజూ తాగేవాడు ఒక్క రోజులో ఆపేస్తే, ఆరు గంటల నుంచి పన్నెండు గంటల లోపల చెమటలు, వణుకు మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో చంపడానికి వస్తున్నట్టు కనిపించవచ్చు. కల్తీ కల్లు తాగేవారిలో ఈ లక్షణాలు ఇంకా కొన్ని రోజులు ఆలస్యంగానూ రావచ్చు. ఇది ప్రాణాపాయ స్థితి. దీన్ని చూసి జిన్ పట్టిందనీ, గాలి సోకిందనీ అనుకుంటారు. తావీజు కట్టిస్తారు, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు. ఆ గదిలో మనిషి చచ్చిపోవచ్చు. దువా చేయండి, వద్దని ఎవరూ అనరు. కానీ దువా చేస్తూ ఆసుపత్రికి తీసుకుపొండి. అక్కడ వైద్యులు మందు మోతాదును రోజురోజుకూ తగ్గిస్తూ, బి1 విటమిన్ ఇస్తూ, వారం పది రోజుల్లో ఆ గండం దాటిస్తారు. రంజాన్‌కు మానాలనుకునేవారు షాబాన్ నెలలోనే వైద్యుని దగ్గరకు వెళ్ళడం మేలు. రోగికి ఉపవాసంలో మినహాయింపు ఉందనీ, ఆరోగ్యం కుదుటపడ్డాక ఆ ఉపవాసాలు తీర్చుకోవచ్చనీ మన ధర్మమే చెబుతున్నది. ఈ మాట ఇమాములు జుమా ఖుత్బాలో ఒక్కసారి చెబితే నా వంటివారు పది సభల్లో చెప్పినదానికన్నా ఎక్కువ మందికి చేరుతుంది.

పాపమా, జబ్బా?

‘తాగడం పాపం కదా, దానిని జబ్బు అంటే తప్పును తేలిక చేసినట్టు కాదా?’ అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. మొదటి గ్లాసు ఎత్తడంలో మనిషికి ఎంపిక ఉంటుంది. వెయ్యవ గ్లాసు దగ్గర ఆ ఎంపిక చాలావరకు చచ్చిపోయి ఉంటుంది. తౌబా మనసుకు కావాలి, చికిత్స శరీరానికి కావాలి. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదని ధర్మమూ అనలేదు, వైద్యమూ అనలేదు.

మన ధర్మంలో మత్తు నిషేధం ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. అది ఒక్క రోజులో రాలేదు. అందులో లాభం కన్నా హాని పెద్దదని మొదట తెలియజేయడం జరిగింది. తరువాత మత్తులో నమాజ్‌ను సమీపించవద్దన్నారు. చివరకు పూర్తి నిషేధం వచ్చింది. తాగుడు అలవాటుపడిన సమాజాన్ని మెట్టు మెట్టుగా దించడంలో ఉన్న కరుణను మనం చదువుతాం, పిల్లలకు బోధిస్తాం. మన తమ్ముడి విషయం వచ్చేసరికి మాత్రం ఇవాళ సాయంత్రానికే మారిపోవాలంటాం.

సహీ బుఖారీలో నమోదైన ఒక సంఘటన కూడా మీకు తెలిసిందే. తాగి, పదేపదే శిక్షకు గురైన ఒక వ్యక్తిని ఒకాయన శపించినప్పుడు ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) శపించవద్దని వారించారు. అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉందని సాక్ష్యం పలికారు. తప్పును తప్పన్నారు, శిక్షను రద్దు చేయలేదు, కానీ మనిషిని జమాత్ నుంచి వెలివేయనివ్వలేదు. అన్నిసార్లు పడిపోయినవాడి గుండెలో కూడా ప్రేమ మిగిలే ఉంటుందని గుర్తించడమే కరుణ. మనం ఇవాళ మాట్లాడుకోబోయే పద్ధతికి ఇంతకన్నా పెద్ద ఆధారం నేను వెతకను.

ఇద్దరు కూర్చున్న గది

ఇక తాగుడు నుంచి బయటపడే బృందాల సంగతికి వస్తాను. 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అనే పట్టణానికి న్యూయార్క్ నుంచి ఒక షేర్ల వ్యాపారి వచ్చాడు. పేరు బిల్ విల్సన్. కొన్ని నెలల క్రితమే తాగుడు మానినవాడు. వచ్చిన పని చెడింది. మళ్ళీ తాగాలన్న కోరిక పొంగింది. అప్పుడతను తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడితే తప్ప తాను నిలబడలేనని గ్రహించి, ఊళ్ళో వాకబు చేసి, రాబర్ట్ స్మిత్ అనే శస్త్రవైద్యుణ్ణి కలుసుకున్నాడు. ఆ వైద్యుడికీ అదే వ్యసనం. ఇద్దరూ కూర్చుని గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆ వైద్యుడు చివరి గ్లాసు తాగిన 1935 జూన్ 10ని ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. అది 1957 నాటికి మన దేశానికి చేరింది.

అక్కడ జరిగినది జాగ్రత్తగా చూడండి. విల్సన్ ఆ వైద్యుణ్ణి ఉద్ధరించడానికి వెళ్ళలేదు, తనను తాను కాపాడుకోవడానికి వెళ్ళాడు. నీతి బోధించలేదు, తన కథ చెప్పుకున్నాడు. వైద్యుడికి తాగుడు చెడ్డదని తెలియదా? కాలేయం గురించి ఆయనకు తెలిసినంత విల్సన్‌కు తెలుసా? తెలిసినా మానలేకపోయినవాడికి కొత్తగా తెలియవలసింది ఒక్కటే, ‘నేను ఒంటరిని కాను’ అని.

ఈ బృందాల్లో చేరడానికి ఫీజు లేదు. కులం, మతం అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. అక్కడ విన్నది బయట చెప్పరాదు. ఎవరికీ ఎవరూ సలహా ఇవ్వరు, ఎవరి కథ వారు చెప్పుకుంటారు. ఇది ఉత్త మాటల పోగు అనుకునేవారికి ఒక సంగతి చెబుతాను. వైద్య పరిశోధనలను కాచి వడపోసే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా రోగుల వివరాలను పరిశీలించింది. తాగుడు పూర్తిగా మాని నిలబడటంలో ఈ పద్ధతి ఇతర మానసిక చికిత్సలకు తీసిపోదనీ, పద్ధతి ప్రకారం నడిపినచోట వాటికన్నా మెరుగనీ తేల్చింది.

1989లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ముస్లింలు ఇదే పద్ధతిని తమ ధర్మానికి అనుగుణంగా మలచుకుని మిల్లతీ ఇస్లామీ పేరుతో బృందాలు ప్రారంభించారు. అంటే వ్యసనం ఉందని ఒప్పుకోవడం వల్ల ఇస్లాంకు చెడ్డపేరు రాదని అక్కడి సోదరులు మూడు దశాబ్దాల క్రితమే నిర్ణయించుకున్నారు.

పక్కవాడి కథలో మన కథ

అటువంటి బృందంలో మనిషికి ఏమవుతుంది? ఒక లారీ డ్రైవరును ఊహించుకోండి. ‘నా బతుకు వేరు, నా కష్టం ఎవరికీ లేదు’ అని అతని నమ్మకం. రాత్రిళ్ళు నడిపే బండి, నడుం నొప్పి, అప్పు, ఇంట్లో పోరు. ఈ కష్టాలకు తాగక చస్తానా అన్నది అతని వాదం. అతని పక్కన బొంబాయి వలసపోయి వచ్చిన మేస్త్రీ కూర్చున్నాడు. అతనూ అదే మాట అంటాడు, బండి స్థానంలో తట్ట ఉంటుంది, అంతే. ఆ పక్కన ఒక ఉపాధ్యాయుడు. నెల జీతం ఉంది, ఇల్లుంది, నడుం నొప్పి లేదు, అయినా అదే స్థితి. మూడు కథలు విన్నాక ఆ డ్రైవరు మనసులో ఒక లెక్క తప్పుతుంది. ‘కష్టం వల్ల తాగుతున్నాననుకున్నాను, కష్టం లేనివాడు కూడా తాగుతున్నాడే!’ ఎవరూ అతన్ని ఖండించలేదు, వాదించలేదు. పక్కవాడి కథలో తన సాకు తనకే కనిపించింది. బోధన వల్ల రాని చూపు ఇలా వస్తుంది.

రెండవ మార్పు ఇంకా లోతైనది. మళ్ళీ తాగి వచ్చినవాడు బృందంలో తలవంచుకుని కూర్చుంటాడు. అతన్ని చూసి మిగతావారికి కోపం రాదు, భయం వేస్తుంది, రేపు ఆ స్థానంలో తాముండవచ్చునని. ఆ భయం నుంచి దయ పుడుతుంది. అతన్ని క్షమించగలిగినవాడు క్రమంగా తనను తాను క్షమించుకోగలుగుతాడు. తనను తాను అసహ్యించుకునేవాడు ఆ అసహ్యాన్ని మరిచిపోవడానికే మళ్ళీ సీసా ఎత్తుతాడు. ఆ గొలుసు ఇక్కడ తెగుతుంది. ఒకసారి జారితే అంతా పోయిందనుకోవడం కూడా ఇక్కడే మానతాం. షుగరు, బీపీ రోగులు మందులు మానేసి మళ్ళీ ఆసుపత్రికి వస్తే వారిని ఎవరూ వెళ్ళగొట్టరు. వ్యసనమూ అటువంటి దీర్ఘకాలపు జబ్బే.

మూడవ సంగతి మన కాలానికి మరీ అవసరమైనది. ఒకరి పేరు వినగానే ఇంకొకరు అనుమానంగా చూసే రోజుల్లో మనం బతుకుతున్నాం. పాలమూరు పల్లెల్లో పీర్ల పండుగకు అందరూ కలిసి నడిచే అలవాటు ఇంకా ఉంది, అది నిలవాలని కోరుకుందాం. కానీ పండుగనాడు కలిసి నడవడం కన్నా ఓడిపోయిన రోజున కలిసి కూర్చోవడం గట్టి బంధం. మాదిగ వాడ నుంచి వచ్చిన తండ్రీ, ముస్లిం గల్లీ నుంచి వచ్చిన తండ్రీ ఇద్దరూ ‘నా కొడుకు నన్ను చూస్తే మంచం కిందికి పోతడు’ అని ఒకే మాట చెప్పి ఏడ్చిన తరువాత, వారి మధ్య ఎవరు చిచ్చు పెట్టగలరు? సామరస్యం గురించి మనం ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. అది పుట్టే ఒక చోటు ఇది.

ఆడవాళ్ళ మాట

ఇంతసేపూ తాగేవారి గురించి చెప్పాను. వారితో కాపురం చేసేవారి గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. తాగుబోతుల కుటుంబ సభ్యుల కోసం 1951లో అల్-అనాన్ అన్న వేరే సంస్థ ఏర్పడింది. దాని వెనక ఉన్నది బిల్ విల్సన్ భార్య లోయిస్. భర్త తాగుడు మానినా తనలో మిగిలిపోయిన కోపాన్ని, భయాన్ని ఏం చేయాలన్న ప్రశ్న నుంచి అది పుట్టింది. ఆ బృందాల్లో స్త్రీలు తెలుసుకునేవి మూడు. అతని తాగుడుకు నేను కారణం కాదు. దాన్ని నా అదుపులో పెట్టలేను. దాన్ని నేను నయం చేయలేను. మన ఇళ్ళలో ‘నువ్వు సరిగా ఉంటే వాడు తాగుతాడా’ అని అత్తగారు అనగా విన్న కోడళ్ళకు ఈ మొదటి మాట ఒక్కటే సగం మందు.

మద్రాసులో శాంతి రంగనాథన్ అనే మహిళ తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో వ్యసన చికిత్స కోసం ఒక సంస్థను ప్రారంభించారు. ఆ సంస్థ తమిళనాడు పల్లెల్లో శిబిరాలు పెట్టి, ఊరివారి సహకారంతో ఊళ్ళోనే చికిత్స చేసే పద్ధతిని నడిపింది. రోగిని దూరాన దాచకుండా, అతను మానుతున్న సంగతి ఊరికి తెలిసేటట్టు, ఊరు అతనికి తోడు నిలిచేటట్టు చేయడమే అందులోని సారం. పాన్‌గల్ వంటి చోటుకు అది సరిపోయే నమూనా.

మన తెలుగునాట ఈ పోరాటానికి పెద్ద చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు 1992 నాటికి సారా దుకాణాలు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఖజానాకు ఆదాయం లేదన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. అవి నిజాలే కావచ్చు. నాకు కనిపించే మరో కారణం ఉంది. దుకాణం మూసే శక్తి ఆ ఉద్యమం చూపింది. కానీ దుకాణం మూతపడిన మర్నాడు వణుకుతున్న మనిషి ఎక్కడికి పోవాలో ప్రభుత్వం చూపలేదు. నిషేధంతో పాటు ఊరూరా చికిత్స, ఊరూరా తోడు ఉండి ఉంటే ఆ తల్లుల విజయం మరికొంతకాలం నిలిచేది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కరుణ అంటే దెబ్బలు సహించడం కాదు. సబర్ పేరుతో ఏ స్త్రీనీ చావుకు అప్పగించకండి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ముస్లిం స్త్రీకీ వర్తిస్తుంది. ఆపదలో 181కి ఫోన్ చేయవచ్చు. జబ్బు మనిషి మీద దయ ఉండాలి, కానీ అతను ఎత్తిన చేయి కింద భార్యాపిల్లలు ఉండనక్కరలేదు. దూరంగా ఉండి కూడా దయ చూపవచ్చు.

చట్టం ఏమిచ్చింది?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రుగ్మతలను నిర్వచించేటప్పుడు మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే స్థితులను కూడా వాటిలో చేర్చింది. ఆ చట్టం 18వ సెక్షను ప్రకారం ప్రభుత్వ సేవల ద్వారా చికిత్స పొందడం ప్రతి మనిషి హక్కు. ఆ చికిత్సలో మతం, కులం, లింగం పేరిట వివక్ష చూపరాదని అందులోనే రాసి ఉంది. ‘ముందు మీవాణ్ణి మీరు దారిలో పెట్టుకోండి’ అని ఎవరైనా అంటే, వారికి ఈ సెక్షను చూపించాలి.

రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని ఆ చట్టం 95వ సెక్షను చెబుతున్నది. ఇది మనం మరింత శ్రద్ధగా వినవలసిన మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులో దర్గాకు పేరుపొందిన ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసిన 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలి చనిపోయారు. వారిని అక్కడ వదిలినవారు వారి సొంతవారే, చాలావరకు ప్రేమతోనే, బాగుపడతారన్న ఆశతోనే వదిలారు. జ్ఞానం తోడులేని ప్రేమ ఏంచేస్తుందో ఎర్వాడి చెప్పింది. ఇప్పటికీ కొన్ని ప్రైవేటు కేంద్రాల్లో రోగులను కొట్టి, కట్టి ‘మాన్పిస్తారు’. డబ్బు కట్టే ముందు అక్కడ అర్హత గల వైద్యుడు ఉన్నాడా, రోగిని కలవనిస్తారా, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి.

గంజాయి వంటివాటికి చిక్కిన పిల్లల తల్లిదండ్రులు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి రారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షను ఉంది. సొంతానికి వాడుకున్నందుకో, స్వల్ప పరిమాణం దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు ముందుకొస్తే, ఆ చికిత్సను పూర్తి చేసుకున్నంతకాలం ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. ఈ సంగతి మన న్యాయవాద మిత్రులు గల్లీ గల్లీలో చెప్పాలి.

ఫోన్ నంబర్లు రెండు రాసుకోండి. వ్యసన విముక్తి సలహాకు 14446. మానసిక ఆరోగ్య సలహాకు 14416, దీన్ని టెలిమానస్ అంటారు. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్నది, తెలుగులో మాట్లాడవచ్చు. రెండూ ఉచితం.

వనపర్తికి, నాగర్‌కర్నూలుకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి అనుబంధ ఆసుపత్రుల్లో వ్యసన చికిత్సకు తగినన్ని పడకలు, మందులు, కౌన్సెలర్లు ఉండాలని, కల్తీ కల్లు మీద దాడి చేసిన ప్రతిసారీ ఎక్సైజ్ శాఖ ముందుగా వైద్య శాఖకు తెలియజేయాలని మనం అడగాలి. దుకాణం మూసే రోజున ఆసుపత్రి తెరిచి ఉండాలి. ఇది భిక్ష కాదు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం, మత్తు పానీయాల నిషేధానికి కృషి చేయడం రాజ్యం విధి అని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. మద్యం మీద ఆదాయం తీసుకునే ప్రభుత్వానికి ఆ మద్యం వల్ల జబ్బు పడినవాడి బాధ్యత లేదంటే ఎలా?

ఇక్కడ మొదలుపెట్టడానికి

ఇదంతా ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు. ఆక్రన్‌లో మొదలైనప్పుడు ఉన్నది ఇద్దరే. పాన్‌గల్‌లో ఇద్దరు దొరకరా?

వారంలో ఒక రోజు, ఒక గంట. చోటు మస్జిద్ ఆవరణ కాకుండా పాఠశాల గదో, సంఘం గదో అయితే అన్ని మతాలవారూ సంకోచం లేకుండా రాగలరు. గుండ్రంగా కూర్చోవాలి, ఎత్తుపీట ఉండకూడదు. నాయకులకు శాలువాలు, ఫోటోలు, వాట్సప్ గ్రూపులో పేర్లు వద్దు. అక్కడి మాట అక్కడే ఉండాలి. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో మరొకరు మాట్లాడరాదు. తాగి వచ్చినవాణ్ణి వెళ్ళగొట్టకండి, ఆ పూట మాట్లాడకుండా వినమనండి. స్త్రీలకు వేరే రోజు, వేరే చోటు ఉండాలి. మహిళా సంఘాల సమావేశం జరిగే చోటే వారికి అలవాటైన చోటు. వణుకు, ఫిట్స్, మతి తప్పడం కనిపిస్తే బృందం వైద్యం చేయరాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. బృందం ఆసుపత్రికి ప్రత్యామ్నాయం కాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషి మళ్ళీ దుకాణం ముందు నుంచి నడవాలి కదా, ఆ నడకలో తోడు అది.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక విన్నపం. తాగుడు మానడానికి ప్రయత్నిస్తున్నవాడు మొదటి సఫ్‌లో నిలబడితే వెనక్కు తిరిగి చూడకండి. నిన్నటి మాట ఇవాళ ఎత్తకండి. అతని పక్కన భుజం తాకేటట్టు నిలబడండి.

ఈ సభ ముగిశాక ఈ గదిలో ఒక మూల రెండు కుర్చీలు వేసి ఉంటాయి. పేరు రాయించుకోవడం లేదు, ప్రశ్నలు లేవు. మాట్లాడాలనుకున్నవారు వచ్చి కూర్చోవచ్చు. తాగేవారే రానక్కరలేదు. తండ్రి రావచ్చు, భార్య రావచ్చు, పదో తరగతి చదివే కొడుకు రావచ్చు. ఎవరూ రాకపోతే వచ్చే వారం మళ్ళీ వేస్తాం.

అల్లాహ్ మన ఇళ్ళను కాపాడుగాక. ఖుదా హాఫిజ్.